ఆ పుస్తకం వదిన చేతికెందుకివ్వలేదు?

మీరే. పెద్ద డాక్టరు గారూ, మిమ్మల్నే అంటున్నాను. మీ పక్కన టై కట్టుకుని నిలబడ్డ, ఆ తీగలమ్మే కంపెనీ మనిషినీ, కాగితాలు కుట్టే సిస్టరమ్మనీ కూడా అంటున్నాను. మా వదినకి తీగ పనిచెయ్యలేదని రాసి సంతకం పెట్టారు. అబద్ధం. తీగ పనిచేసింది. పనిచెయ్యనిది మీ పుస్తకం.

మొదట్నుంచీ చెబుతాను, అడ్డు రాకండి.

పదకొండేళ్ళ కింద వదినకి కాన్పు కష్టమైంది. పట్టకార్లు పెట్టి లాగారు. లోపలిదాకా చిరిగింది. కుట్లేసి ఇంటికి పంపించారు. పట్టు పోయిందని ఒక్కరూ చెప్పలేదు. అప్పట్నుంచీ దొడ్డికి ఆగదు. వస్తోందని తెలిసేలోపే అయిపోతుంది. ఇంట్లో ఆ జబ్బు పేరు ‘కడుపు బాగోలేదు’. ఒక మనిషికి పదకొండేళ్ళు కడుపు బాగోకపోయినా ఎవరికీ అనుమానం రాలేదు. అన్న లారీ డ్రైవరు, నెలకి ఇరవై రోజులు రోడ్డు మీదే. నాకూ రాలేదు. కనిపించిన ప్రతి ఆఫీసరునీ అనుమానించే నాకు!

ఆవిడ చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. బాత్రూముకి దగ్గరున్న మిషను కోసం రెండేళ్ళు పోట్లాడింది. సంచిలో ఎప్పుడూ పాతగుడ్డల మడతలు. పోయిన ఏడాది సూపర్వైజరు, బట్ట ముక్కలు దొంగిలిస్తోందని గేటు దగ్గర అందరి ముందూ సంచి దులిపాడు. ఆ గుడ్డలెందుకో చెబితే సరిపోయేది. చెప్పలేదు. దొంగ అనిపించుకుంది. నేను వెళ్ళి ఆ గేటు ముందు గొంతు చించుకుని వచ్చాక, గోడవైపు తిరిగి నాకు అసలు సంగతి చెప్పింది.

మీ దగ్గరికి తీసుకొచ్చింది నేనే. బస్సు డిపోలో మెకానిక్కుని. అక్కడ నన్ను మైకు అంటారు. వదినా అలాగే పిలుస్తుంది.

ఆ రోజు మీరు చక్కగానే చెప్పారు. నడుం కింద ఎముకలోంచి సన్నటి తీగ పంపి నరం పక్కన పెడతాం, బయట నడుముకి చిన్న పెట్టె ఉంటుంది, అది నరానికి కొంచెం కొంచెం కరెంటు ఇస్తుంటే పట్టు వస్తుంది అన్నారు. రెండు వారాలు చూసి, సగానికి సగం తగ్గితే చర్మం కింద శాశ్వతంగా పెడతామన్నారు.

“తగ్గకపోతే?” అన్నాను.

“తీసేస్తాం.”

కంపెనీ మనిషి నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. “ఏమయ్యా, ఎన్ని నడుములకి తగిలిస్తే నీకు ప్రమోషను?”

“మైకూ, కాస్త ఆపుతావా,” అంది వదిన. “నడుం నాది. ఊగిపోతున్నది నువ్వు.”

తీగ పెట్టకముందు రెండు వారాలు, పెట్టాక రెండు వారాలు, రోజుకెన్నిసార్లు బట్టలు పాడయ్యాయో పుస్తకంలో రాయాలి. సిస్టరమ్మ ఆ పుస్తకం ఎవరికిచ్చింది? నాకు. వదిన పక్క కుర్చీలోనే ఉంది. నాకంటే రెండు క్లాసులు ఎక్కువే చదివింది. “సార్, మీరు జాగ్రత్తగా రాయండి,” అంది సిస్టరమ్మ. సార్ అనేసరికి నేనూ పొంగిపోయాను.

రోజూ డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో నిలబడి అడిగేవాణ్ణి. “వదినా, ఇవాళ ఎన్ని?”

లోపల గిన్నెల చప్పుడు. “ఒకటి రాసుకో.”

ఇంకో రోజు, “ఏం లేదు, పోవయ్యా.”

రాశాను. పద్నాలుగు రోజులకి ఆరు.

తర్వాత తీగ పెట్టారు. నాలుగో రోజునుంచి వదిన షిఫ్టంతా లేవకుండా కుట్టింది. బస్సులో ఎప్పుడూ తలుపు దగ్గరే నిలబడే మనిషి, వెనక కిటికీ పక్క సీటులో వెళ్ళి కూర్చుంది. నా అనుమానం నాది. “నిజంగానే తగ్గిందా, తగ్గుతుందన్నారని తగ్గినట్టుందా?”

“నా ఒంటి మీద కూడా నీకు అనుమానమేనా?”

ఆ రెండు వారాలకి ఐదు రాశాను.

మొన్న గురువారం మీరు పుస్తకం తిప్పారు. “ముందు ఆరు, ఇప్పుడు ఐదు. సగం తగ్గలేదమ్మా. సోమవారం తీసేద్దాం.” అరనిమిషం పట్టలేదు. ఈవిడ పెట్టె ఇంకెవరికి కట్టబెడుతున్నారని నేను అరిచాను. మీ వాచ్‌మన్ నా భుజం పట్టుకుని మెట్లదాకా దింపాడు.

అక్కడ వదిన అంది, “అరవకు. తప్పు వాళ్ళది కాదు. ఆరు కాదది.”

“మరి?”

“ఇంటికి పద.”

ఇంటికెళ్ళి బీరువా తలుపు తెరిచింది. వాళ్ళ ఫ్యాక్టరీలో కట్ట పూర్తయితే మిషను పక్కన చాక్‌తో ఒక గీత గీస్తారు. నాలుగు నిలువు, ఐదోది అడ్డం. బీరువా తలుపు లోపలివైపు అవే గీతలు. పైన తీగకి ముందు నలభై ఒకటి. కింద తీగ పెట్టాక ఐదు.

“నాకెందుకు చెప్పలేదు?”

“గుమ్మంలో నిలబడి పక్కింటికి వినిపించేలా అడిగితే మూడనీ నాలుగనీ ఎలా చెప్పేదయ్యా? మరిదివి. పైగా మైకువి. పొద్దున్నకల్లా డిపో యూనియన్లో తీర్మానం పెట్టేవాడివి.”

“ఐదు మాత్రం సరిగ్గా చెప్పావుగా?”

“ఐదు చెప్పడానికి సిగ్గెందుకు?”

నిన్న మళ్ళీ వచ్చాను. సిస్టరమ్మ, “పుస్తకంలో ఉన్నదే లెక్క. తలుపు మీద గీతలు ఎవరైనా గీస్తారు,” అంది. మిమ్మల్ని కలవనివ్వలేదు. పదకొండేళ్ళు నోరు విప్పని మనిషి విప్పితే, మీకు ఆవిడ మీద అనుమానం. మగాడి చేతిరాత మీద మాత్రం ఇంత కూడా లేదు. నా మీద ఉండాల్సింది. గుమ్మంలో కేకేసి ఆవిడ నోరు మూయించింది నేను.

కాబట్టి వినండి. ఆ ఆరు తప్పుడు లెక్క, రాసింది నేను, అని కింద సంతకం పెట్టి ఇస్తున్నాను. దాన్ని కొట్టెయ్యండి. సోమవారం తీగ తియ్యకండి. పెట్టె ఆపి వారం చూడండి. ఆ వారం ఆవిడకి నరకం, అయినా ఒప్పుకుంది. ఎక్కువ రోజులుంటే చీము పడుతుందంటారా, తీసి మళ్ళీ పెట్టండి. ఖాళీ పుస్తకం వదిన చేతికివ్వండి. తలుపేసిన గదిలో, ఒక ఆడమనిషి ఎదురుగా కూర్చుని అడగాలి. నన్ను బయట నిలబెట్టండి. ఇక మీదట వచ్చే ప్రతి ఆడమనిషికీ ఇలాగే చెయ్యండి.

ఇవాళ శనివారం, మీ ఓపీ ఒంటిగంటదాకా. వదిన కింద మెట్ల దగ్గర కూర్చుంది. ఒంటిగంటలోపు మీరే కిందికి దిగి, ఆవిడకే జవాబు చెప్పండి.