పగటి నీళ్లు

మొగుడి కూజాకు తడిగుడ్డ చుట్టి, నసీమున్నీసా తన వాటా నీళ్లు తాగేసింది. ఒక చెంబు. అప్పటికింకా తెలవారలేదు. పొద్దు పొడవకముందు ఒక చెంబు, చీకటి పడ్డాక ఎన్నైనా సరే, నడుమ గుక్కెడు కూడా కూడదు. మిరపకల్లంలో పనిచేసే ఆడవాళ్లందరిదీ అదే పద్ధతి. కాయ బాగా ఎండాలి కాబట్టి కల్లం చుట్టుపక్కల చెట్టు ఉంచరు, పొద ఉంచరు. ఒక మూల తాటాకు పాక ఉంది గాని అది మగవాళ్లది. నీళ్లు తాగితే కాసేపటికి ఎక్కడికైనా పోవాలి. పోవడానికి చాటు లేదు. అందుకని తాగరు.

ఎండాకాలం ఒంటిని ఎలా కాచుకోవాలో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ తెలిసినదంతా మగవాళ్ల కోసమే. పొద్దున్నే పులిసిన గంజినీళ్ల తరవాణి, పదింటికి సబ్జా గింజలు నానేసిన నీళ్లు, మధ్యాహ్నం ఉల్లిపాయ తరిగి వేసిన పల్చటి మజ్జిగ. అన్నీ ఆమే చేసి కల్లానికి మోసుకుపోతుంది. ఒకరోజు మజ్జిగ పులిసిందని మొగుడు మొహిద్దీన్ బాషా గిన్నె పక్కకు నెట్టి, "ఎండన పడి మాడేది నేను. నీడపట్టున ఉండేదానివి, నీకేం తెలుస్తుంది" అన్నాడు. ఆ రోజు కూడా ఆమె అతనికి ఇరవై గజాల దూరంలో, అదే ఎండలో, పొద్దుగూకులూ కూర్చుని రంగుపోయిన తాలుకాయలు ఏరింది. అతను కావాలని అబద్ధం ఆడలేదు. ఆమె అక్కడ ఉన్న సంగతే అతనికి గుర్తు లేదు. దానికే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

ఆ తెల్లవారుజామున తోటికోడలు చాంద్‌బీ రెండో చెంబు ముంచుకుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల, పెళ్లయి ఏడు నెలలు, కల్లంలో ఇదే మొదటి వేసవి. నసీమున్నీసా ఆమె మణికట్టు పట్టుకుంది. "చాలు. నడిమధ్యాహ్నం ఎక్కడికి పోతావు?" అంది. పిల్ల నీళ్లు కుండలో వంపేసింది. రెండు రోజులుగా ఒంటికి పోతుంటే మంటగా ఉందనీ, చుక్కలుచుక్కలుగా ఎర్రగా వస్తుందనీ చెప్పింది పాపం. కారం చేతులు కదా, అలాగే ఉంటుందిలే అని నసీమున్నీసాయే సర్దిచెప్పింది. తను కొత్తగా వచ్చినప్పుడు అత్త జోహరాబీ కూడా ఆ మాటే చెప్పింది. జోహరాబీ వయసులో ఉండగా ఒకామె దాహానికి ఆగలేక తాగి, పట్టపగలు పొలం కాలువ బోదె పక్కకు పోతే మగాళ్లు మట్టిబెడ్డలు విసిరి నవ్వారట. ఆమెను బతికినన్నాళ్లూ ఏం పేరుతో పిలిచారో అత్త చెప్పలేదు. చెప్పకుండానే అర్థమైంది.

సాగర్ కాలువలు వస్తాయని ఊళ్లో ఆశగా చెప్పుకుంటున్న రోజులవి. కాలువలు ఇంకా రాలేదు గాని, ఆ ఏడు ఎండలు మాత్రం రోహిణి కార్తె రాకముందే వచ్చేశాయి. ఆదెయ్య గారి కల్లం నిండా ఎర్రటి కాయ. కింద నేల కాలుతోంది, పైన ఆకాశం కాలుతోంది, నడుమ ఘాటు. పన్నెండు దాటింది. నసీమున్నీసా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. పక్కకు చూసింది.

చాంద్‌బీ మంచి కాయ తీసి తాలు కుప్పలో వేస్తోంది. తాలుకాయ తీసి మంచి రాశిలో వేస్తోంది. చూసుకో అని మోచేత్తో పొడిచింది నసీమున్నీసా. పిల్ల తల తిప్పి నవ్వి, "వస్తున్నానమ్మా, తలుపు తీసే ఉంచు" అంది.

వాళ్లమ్మ పోయి నాలుగేళ్లయింది.

నసీమున్నీసా ఆమె నుదురు ముట్టుకుంది. పెనంలా ఉంది. ఒక్క చెమటచుక్క లేదు. తన రవిక వీపుకంటుకుపోయి ఉంటే ఆ పిల్ల రవిక పొడిగా, గంజి పెట్టినట్టు ఉంది. నిరుడు తోటి కూలి గురవమ్మ ఇలాగే పొడిగా అయింది. ఇదే కల్లంలో, ఇదే వేళకు, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడింది. గాలి సోకిందని నిమ్మకాయ దిగదుడిచారు. దీపాలవేళకు పోయింది. స్నానం చేయించినవాళ్లు, తెల్లారి నుంచి చుక్క మూత్రం పోయలేదట అని గుసగుసలాడుకున్నారు. ఆ మాట విని కూడా ఎవరూ నీళ్లు ఎక్కువ తాగలేదు. తనూ తాగలేదు.

లేవాలి. నీళ్ల కడవ పాకలో ఉంది, ఆదెయ్య గారి మంచం పక్కన. అక్కడ అరడజను మంది మగాళ్లు మజ్జిగ తాగుతున్నారు. ఈడ నుంచి లేస్తే అందరి కళ్లూ తన మీదే. అత్త ఊరుకోదు. మొగుడు ఇంటికెళ్లాక ఊరుకోడు. ఆమె ఇంకో కాయ అందుకుంది. ఎంతసేపు అలా కూర్చుందో తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా తేలలేదు. పది కాయలు ఏరేంతసేపా? వంద కాయలా? పక్కన పిల్ల మెల్లగా ఒరిగి రాశి మీద బోర్లా పడింది. మొహం మిరపకాయల్లో కూరుకుపోయినా తుమ్మలేదు, దగ్గలేదు.

నసీమున్నీసా లేచింది. చుట్టూ తిరిగి పోయే ఓపిక లేదు, ఎండిన కాయ మీదుగా తొక్కుకుంటూ పాకలోకి నడిచింది. కాయ విరుగుతోందని ఎవరో అరిచారు. "ఏందే ఈ ఆగడం" అని బాషా లేచాడు. కడవ ఎత్తి చంకన పెట్టుకుంది. వెనక్కి వచ్చి పిల్ల తల మీద, రొమ్ము మీద కుమ్మరించింది. చంకల కింద చేతులు పెట్టి ఈడ్చింది. నీడ ఉన్నది ఒక్కచోటే. పాకలోకే ఈడ్చింది.

మగాళ్లలోకి తీసుకుపోతావేంటే, ఇది గాలి, నిమ్మకాయ తెండి అంటూ జోహరాబీ వెంటపడింది. నసీమున్నీసా వినలేదు. పాక కొంచెం ఖాళీ చెయ్యండి అని ఆదెయ్య గారితో అంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, "మీరు సైకిలేసుకుని పోయి సుభానీ గారిని తీసుకురండి" అంది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆమె అతనికి చెప్పిన మొదటి పని అది. ఆశ్చర్యంలోనో ఏమో అతను వెళ్లాడు.

కాంపౌండరు సుభానీ వచ్చి కనురెప్పలు ఎత్తి చూశాడు, నాడి చూశాడు. పిల్ల మొగుడు, మరిది హయాత్ బండి కట్టుకుని గుంటూరు కాయ తోలడానికి పోయాడని విని పెదవి విరిచాడు. ఇంకో బండి కట్టినా పెద్దాసుపత్రికి చేరేసరికి పొద్దుగూకుతుంది, ఈ ఎండలో దారిలోనే ప్రాణం పోతుందన్నాడు.

"తడుపుతూ ఉండండి, విసరండి. మింగడం మొదలెడితే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు కొంచెం కొంచెం పట్టండి. మూత్రం వచ్చిందా, పిల్ల దక్కినట్టే. రాకపోతే నేను చేయగలిగింది లేదు."

ఆ మాట మగాళ్ల ముందు, అంత గట్టిగా, ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆడవాళ్లు తల దించుకున్నారు.

ఒంటిగంటన్నర. నసీమున్నీసా గుడ్డ తడిపి పెదవుల మీద పిండుతోంది. నీళ్లు చెంపల మీదుగా కారిపోతున్నాయి. ఈ చేత్తోనే కదా పొద్దున మణికట్టు పట్టుకున్నాను అనుకుంది. ఎవరూ చూడలేదు. పిల్ల పోతే గాలి సోకి పోయిందంటారు, రేపు మళ్లీ కల్లం, ఎల్లుండి మళ్లీ కల్లం, ఆ చెయ్యి మాత్రం తన భుజానికి వేలాడుతూనే ఉంటుంది. రెండయింది. గొంతు కదిలింది. ఒక గుక్క. కాసేపటికి ఇంకొకటి. రెండున్నరకు కళ్లు తెరిచి "అక్కా" అంది. అయినా ఒళ్లు ఇంకా సెగ కక్కుతూనే ఉంది, కాంపౌండరు మొహం ఇంకా విచ్చుకోలేదు. మూడు దాటింది. విసనకర్ర జోహరాబీ చేతిలోకి ఎప్పుడు వచ్చిందో ఎవరూ గమనించలేదు. నిమ్మకాయ మాట మళ్లీ ఎత్తలేదు.

నాలుగింటికి చాంద్‌బీ చీర తడిసింది. పాక మట్టినేల మీద సన్నటి తడి పాకుతూ బయటికి, మగాళ్లు నిలబడిన వైపుకు సాగింది. పిల్ల సిగ్గుతో మొహం కప్పుకోబోయింది. నసీమున్నీసా ఆ చేతులు పట్టుకుని ఏడ్చింది. సుభానీ సంచి సర్దుకుంటూ ఇక ఫరవాలేదన్నాడు.

బాషా గొంతు సవరించుకున్నాడు. "సరే, బతికింది గదా. ఇక లేవండి, ఎండ వాలకముందే ఆ రాశి అయిపోవాల."

నసీమున్నీసా ఆడవాళ్లు మళ్లీ నింపి తెచ్చిన కడవలోంచి చెంబు ముంచింది. అతని మొహంలోకి చూస్తూ తాగింది. మళ్లీ ముంచింది. మూడో చెంబు కూడా తాగి, అక్కడే, చాంద్‌బీ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నీళ్లు చెయ్యాల్సిన పని చేసేదాకా కదల్లేదు. అప్పుడు లేచి, ఇంకా ఎండ ఉండగానే, కల్లం అంచుకు నడిచింది. వెనక ఎవరో మగవాడు కిసుక్కుమన్నాడు. ఎక్కడినుంచి మట్టిబెడ్డ వచ్చి పడుతుందోనని వీపంతా బిగుసుకుంది.

అడుగుల చప్పుడు వచ్చింది. జోహరాబీ. కోడలిని దాటి పోలేదు, దగ్గరికీ రాలేదు. ఆమెకు వీపు పెట్టి, కల్లం వైపు తిరిగి, నడుము మీద చేతులు వేసుకుని నిలబడింది.

"ఒరేయ్ బాషా, అటు తిరుగు," అంది. "మీరు కూడా, ఆదెయ్య గారూ. అందరూ అటు తిరగండి."