రెండు గుడ్డ ముక్కలు

మా అత్తగారిని చుట్టాల పిల్లలు చాటుగా ‘సబ్బుపెట్టె’ అంటారు. ఆవిడకూ తెలుసు. “అననీ. మురికిగుంట అనలేదుగా!” అని నవ్వేస్తుంది. బయటి నుంచి వచ్చిన తాళంచెవులు కూడా కడిగి ఆరబెట్టే మనిషి. కొత్త చీరనైనా ఒకసారి నీళ్లలో జాడించనిదే కట్టదు. పెళ్లయిన కొత్తలో నేను ఆరేసిన దుప్పటి అంచులు సమంగా లేవని తీసి మళ్లీ ఆరేసింది. మర్నాటి నుంచి నేను అంచుకి అంచు కలిపి ఆరేశాను. మా ఇద్దరికీ అక్కడే పొత్తు కుదిరింది.

పాప ఏడో నెలలోనే పుట్టింది. నాకు రక్తపోటు పెరిగి, ఫిట్స్ వచ్చి, ఉన్నపళంగా ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. నాకు తెలివొచ్చేసరికి పొట్టా ఖాళీ, పక్కనున్న ఉయ్యాలా ఖాళీ. అంత చిన్న బిడ్డను చూసుకునే ఏర్పాట్లు ఇక్కడ లేవని పెద్దాసుపత్రికి పంపేశారట. అది వేరే ఊళ్లో ఉంది. అంబులెన్సులో అత్తయ్య వెంట వెళ్లింది. నన్ను మాత్రం మంచం దిగనివ్వలేదు. తల కాస్త ఎత్తితే చాలు, కళ్ల ముందు మెరుపులు.

రెండు ఆసుపత్రుల మధ్య తిరిగేది మా ఆయనే. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. మాటల్లో మహా పొదుపరి. డాక్టరు అరగంట చెప్పినది మూడు ముక్కల్లో తేల్చేస్తాడు.

“ఎలా ఉంది?”

“పెట్టెలో ఉంది. ముక్కుకి గొట్టం. బాగానే ఉంది.”

“బాగానే అంటే?”

“ఒకరోజు పైకి, ఒకరోజు కిందకి ఉంటుందన్నారు. నాకు అలవాటైన పనేగా.”

నవ్వించాలని చూశాడు. కుట్లు లాగుతున్నా నవ్వాను.

ఆ అద్దాల పెట్టెలో ఏం జరుగుతుందో నాకు వివరంగా చెప్పింది అత్తయ్యే, ఫోన్‌లో. ముందు బరువు తగ్గుతుందట, భయపడకూడదట. ఒంటికి పసుపు రంగు వస్తే నీలం దీపం కింద పడుకోబెడతారట, కళ్లకు గంతలు కట్టి. ఊపిరి తీసుకోవడం మరిచిపోతుందట. అప్పుడు యంత్రం కూస్తుంది, నర్సు వచ్చి అరికాలు మీద వేలితో రాస్తుంది, మళ్లీ గుర్తొచ్చి తీసుకుంటుంది.

“పిడికెడు ఉందమ్మాయ్. నా పిడికిలి కాదు, నీ పిడికిలి,” అంది. అప్పటి నుంచి మా అందరికీ అది ‘పిడికెడు’.

ఆ ఆసుపత్రి అత్తయ్యకు తెగ నచ్చింది. లోపలికి వెళ్లాలంటే గోళ్లు కత్తిరించుకుని, గాజులు తీసి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకోవాలి. “బుల్లి ప్రాణానికి పెద్ద శత్రువు క్రిములే” అని గోడ మీద రాసి ఉందట. “ఇన్నేళ్లుగా నేను మొత్తుకుంటున్నది అదేగా! మీరంతా నవ్వారు. ఇక్కడ చూడు, గోడకెక్కించారు,” అంది.

నేను వెళ్లలేను గనుక, అక్కడి నర్సు ఒక ఉపాయం చెప్పింది. మెత్తటి నూలుగుడ్డ ముక్కలు రెండు. ఒకటి నా రొమ్ముల మధ్య రాత్రంతా ఉంచుకోవాలి. రెండోది పాప తల కింద ఉంటుంది. పొద్దున్నే మార్చుకోవాలి. నా వాసన దానికి, దాని వాసన నాకు. బిడ్డ కుదురుగా ఉంటుంది, తల్లికి పాలు పడతాయి. మా ఆయన ఒక సంచిలో ఐసు మధ్య పాల సీసా, ఇంకో సంచిలో గుడ్డ పెట్టుకుని బయల్దేరేవాడు.

పాప తల కింద నుంచి వచ్చిన మొదటి గుడ్డను ముఖానికి ఆనించుకుని ఎంతసేపు ఉన్నానో. పసిపిల్లల సబ్బు వాసన, కాస్త ఎండ వాసన. నా కూతురు ఇలా ఉంటుందన్న మాట అనుకున్నాను. కళ్లు మూసుకుని ఆ వాసన పీలుస్తుంటే నిజంగానే పాలు చేపుకొచ్చేవి. పక్క మంచం ఆవిడ అడిగితే ఆమెకూ చూపించాను. “అచ్చం పసికందు వాసనే,” అందావిడ.

పొడుగ్గా పడుకుని నేను తలచుకునేది ఒక్కటే. నా ముఖం చూడలేదు, నా గొంతు వినలేదు, కానీ నా వాసన దానికి తెలుసు. నేను వెళ్లిననాడు, ఈ మనిషి ఎవరో కొత్తది కాదు, అమ్మే, అని దానికి తెలుస్తుంది.

అత్తయ్య దాన్ని గుండెల మీద కూడా పడుకోబెట్టుకునేది. రవిక హుక్కులు విప్పి, ఒంటికి ఒళ్లు తగిలేలా, పైన కొంగు కప్పి. తల్లి రాలేనప్పుడు నాయనమ్మ చేయవచ్చన్నారట. అది విన్నరోజు నేను ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాను. ఈర్ష్య అని ఒప్పుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

“నీ బదులే తల్లీ, నా కోసం కాదు,” అంది మర్నాడు, నేనేమీ అనకుండానే.

తర్వాత ఒక పొద్దున మా ఆయన వచ్చాడు. చేతిలో గుడ్డ సంచి లేదు. కుర్చీ ఉండగా కూర్చోలేదు.

“కిందకా?” అన్నాను.

“పేగులకు ఇన్ఫెక్షన్ అన్నారు. ఆపరేషన్‌కి తట్టుకోదట. నిన్ను తీసుకురమ్మన్నారు.”

ఆయన జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు చెప్పడం అదే చూశాను.

మా డాక్టరు వద్దనలేదు. కారు వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్లారు. నా గుడ్డ నా దగ్గరే ఉంది, రవికలో.

పెద్దాసుపత్రిలో నాకూ మోచేతుల దాకా కడిగించారు. లోపల వెచ్చగా ఉంది, వాన వెలిశాక గదిలో ఉండే ఉక్కలా. చిన్న చిన్న దీపాలు, కూతలు. ఒక మూల కుర్చీలో అత్తయ్య కూర్చుని ఉంది, కొంగు కింద రెండు చేతులూ దాచుకుని. నన్ను చూసి లేవలేదు. లేవడానికి వీల్లేదు మరి, పాప ఆవిడ గుండెల మీదే ఉంది.

“నువ్వొచ్చేదాకా పట్టుకోమన్నారు. పట్టుకున్నా,” అంది. ఆవిడ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఎంతసేపటి నుంచి కదలకుండా కూర్చుందో.

నర్సు నన్ను పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. నేను రవికలోంచి గుడ్డ తీసి ఇవ్వబోయాను. దాని తల కింద పెట్టమని. అత్తయ్య అలవాటుగా అంది, “ఉండమ్మాయ్, ఆసుపత్రి పక్క మీంచి వచ్చిందది. వేణ్ణీళ్లలో ఓసారి ఉడకబెట్టి ఇస్తాను. రోజూ అలాగేగా ఇస్తున్నా. దాని తల కిందది కూడా దాని సబ్బుతోనే ఉతికి, ఎండేసి, ఇస్త్రీ చేసి మరీ నీకు పంపించా.”

నర్సు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

“ఉతికారా? అయ్యో, ఉతకొద్దని చెప్పాం కదమ్మా! మీ అబ్బాయికి చెప్పానే... తల్లి వాసన ఉండాలనే కదా ఆ గుడ్డ.”

అందరం మా ఆయన వైపు చూశాం. తర్వాత తెలిసింది, నర్సు చెప్పినదంతా విని, వాళ్లమ్మకు ఆయన చెప్పింది ఇంతే: “గుడ్డలు మార్చాలి. జాగ్రత్త.” జాగ్రత్త అంటే మా అత్తగారికి తెలిసిన అర్థం ఒక్కటే.

అత్తయ్య ముఖంలో రంగు లేదు. కొంగు కింది నుంచి పాపను తీసి నా గుండెల మీద పెట్టింది. పెట్టాక తన చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియనట్టు కాసేపు గాలిలోనే ఉంచింది.

పాప బరువు తెలియలేదు. వెచ్చదనం మాత్రం తెలిసింది. నోటి గొట్టానికి అంటించిన ప్లాస్టరు సగం ముఖాన్ని కప్పేసింది. చెవులు ఇంకా మడత విప్పుకోని ఆకుల్లా ఉన్నాయి. వంగి దాని నడినెత్తి వాసన చూడబోయాను. ఏమీ తెలియలేదు. దారి పొడుగునా ఏడ్చి ఏడ్చి నా ముక్కు మూసుకుపోయింది.

అదొకసారి వేళ్లు విప్పి ముడుచుకుంది. నన్ను గుర్తుపట్టిందో, కొత్త మనిషి ఎవరని బెదిరిందో. నేను దాని పేరు కాని పేరుతో పిలిచాను, పిడికెడూ, పిడికెడూ అని. యంత్రం కూసింది. ఎవరూ అరికాలు మీద వేలితో రాయలేదు. డాక్టరు వచ్చి మెల్లగా ఆ కూత ఆపేశాడు.

ఇంటికొచ్చాక అత్తయ్య ఉతకడం మానేసింది. మానేసిందంటే, పనిమనిషి ఉతికినవి ఉతికినట్టే ఆరేయనిచ్చేది, అంచులు చూసేది కాదు. మా ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే నడిచేవి. కోపమా అంటే, ఉంది. పొద్దున లేవగానే ఉండేది, ఆవిడ కాఫీ గ్లాసు నా చేతికిచ్చేటప్పటి ముఖం చూస్తే తగ్గేది, సాయంత్రానికి మళ్లీ పెరిగేది. ఎవరి మీదని పెట్టుకోను? ఆయన చెప్పని మాట మీదా, ఆవిడ చేసిన జాగ్రత్త మీదా, గోడ మీద రాసిన అక్షరాల మీదా?

ఒక మధ్యాహ్నం పాల సీసాలు పెట్టుకున్న సంచి కనబడి, దాన్ని పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసింది. లోపలికి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడైంది. తిరిగొచ్చి నా ఎదురుగా, మోకాళ్లు పట్టుకుని, కష్టం మీద కూర్చుంది.

ఆవిడ చేతిలో మూతి బిగించి కట్టిన ప్లాస్టిక్ కవరు. లోపల ఆ రోజు తను తొడుక్కున్న గోధుమరంగు రవిక. ఇస్త్రీ లేదు. విప్పినది విప్పినట్టే ఉండచుట్టి ఉంది. ఒక వైపు ఎండిన మరక.

“ఇది ఉతకలేదు,” అంది. ఆ మాట చెప్పడానికి ఆవిడకు చాలా కష్టమైంది. “రోజూ చేతిలోకి తీసుకుంటా, పెట్టేస్తా. ఎప్పుడిమ్మంటావో తెలియక.”

నేను ముడి విప్పబోయాను.

“నెమ్మదిగా. గాలంతా ఒక్కసారే పోతుంది.”

ముఖం దగ్గరికి తీసుకున్నాను. అత్తయ్య చెమట. ఆసుపత్రిలో చేతులకు రాసుకునే మందు. వాటి కింద ఇంకేదో, పాలు కొద్దిగా పులిసినట్టు, తడి వేలిని నోట్లోంచి తీసినట్టు. అది పాపదేనా అని చెప్పగలిగేంత పరిచయం నాకు లేదు.

“ఇదేనా అత్తయ్యా?”

ఆవిడ వంగి నా చేతుల్లోని రవికలోనే ముఖం పెట్టింది. మా ఇద్దరి నుదుళ్లు తగిలాయి. కాసేపు వాసన చూసింది, బియ్యం పాతవో కొత్తవో చెప్పే మనిషిలా, శ్రద్ధగా.

“అక్కడ కాదు. అది నేను,” అంది. రవికను కొద్దిగా తిప్పి, ఎడమవైపు, హుక్కుల పక్కన వేలు పెట్టింది. “ఇక్కడ. తల ఇక్కడ ఆనించేది. ఇదిగో, ఇక్కడ చూడు.”