సున్నం గీతల్లో ఇల్లు

ఆరేళ్లు! అహ్మదాబాద్‌లో పేరున్న ఓ ఆర్కిటెక్ట్ ఆఫీసులో కేతకి ఆరేళ్లపాటు ఎవరివో మెట్లు, ఎవరివో మరుగుదొడ్లు గీసింది. కళ్లు లాగేశాయి, మెడ పట్టేసింది, తన పేరు మాత్రం ఏ కాగితం మీదా పడలేదు. ఇప్పుడు సొంతంగా దొరికిన మొదటి ఇల్లు ఇది. ఇదీ చేజారితే మళ్లీ ఆ మరుగుదొడ్లే గతి.

ప్లానంతా ఒక్క చౌక్ చుట్టూ అల్లింది. పాత ఊళ్లో అమ్మమ్మగారింట్లో అలాంటిదే ఉండేది: ఇంటి నడుమ ఆకాశం, కింద నల్లరాతి పలకలు. సెలవులకు వెళ్లినప్పుడల్లా అక్కడే పడుకుని గాలిపటాలు చూసేది. ఇళ్లు కట్టించాలన్న పిచ్చి అక్కడే పట్టింది.

చేసిన తప్పల్లా ఒకటే. పునాది తవ్వేముందు నేలమీద సున్నంతో గదులు గీస్తారు. ఆ గీతల్లో రాజమహలైనా కోళ్లగూడులా కనబడుతుంది. పాతకాపు మేస్త్రీలు ఆ రోజు యజమానిని దరిదాపులకు రానివ్వరు. ఈ మహాతల్లి ముచ్చటపడి కుటుంబం మొత్తాన్నీ పిలిచింది!

యజమాని విపిన్‌భాయ్ పడకగది గీతల మధ్య నిలబడి చేతులు బార్లా చాపాడు. "కేతకీబెన్, ఇందులో మంచం వేస్తే నేనెక్కడుండాలి? గోడకు వేలాడనా? మధ్యలో అంత ఖాళీ ఎందుకండీ, తీసేయండి. లేదంటే ఇంకొకరిని చూసుకుంటాం."

"గోడలు లేస్తే పెద్దగానే ఉంటుంది భాయ్. చౌకే ఈ ఇంటికి ప్రాణం. మీ బాని అడగండి, అలాంటి ఇంట్లోనే కదా కాపురం చేశారు."

ఆయన తల్లి రేవాబా మోకాళ్లు పట్టుకుని గీత దాటి వచ్చింది.

"నలభై ఏళ్లు చేశాను తల్లీ. వానొస్తే నీళ్లు ఊడ్చాను, ఎండొస్తే పావురాల రెట్టలు కడిగాను. ప్లాను చూపించినప్పుడు, సెలవులకెళ్లి పడుకునేదాన్నని చెప్పావుగా, మరి దాన్ని కడిగిందెవరు?"

కేతకికి అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ నడుము వంగిపోయి ఉండేది. ఎందుకని ఏనాడూ అడగలేదు. సిగ్గేసింది. ఆరేళ్ల అలసట ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. ఏడుపు ఆపుకుంటూ చౌక్ గీతల్ని చెప్పుతో చెరిపేసింది.

"మీకేం కావాలి బా?" అంది నీరసంగా.

"నాకా?" రేవాబా కొడుకు వైపు చూసింది.

"మీకే."

"వంటింట్లో, కూర్చునే ఎత్తులో ఓ కిటికీ. రొట్టెలు చేసుకుంటూ వీధి చూడాలి. మా మామగారు కట్టించిన ఇంట్లో ముసలిదాన్నయ్యాను, ఇప్పుడు వీడు కట్టిస్తున్నాడు. ఈ ముక్క నన్నెవరూ అడగలేదు."

కేతకి సున్నం డబ్బా అందుకుంది. "ఎక్కడ కూర్చుంటారో కూర్చోండి బా. అక్కడే గీస్తాను."

రేవాబా చీర కుచ్చిళ్లు సర్దుకుని ఆ మట్టిలోనే చతికిలబడింది.