మణికట్టు మీద టేపు

ముందు మీ సంగతే చెప్పాలి. ఆటలో దెబ్బ తగిలి పిల్ల తల అదిరిందో లేదో తేల్చే పరీక్ష కాగితాన్ని ముందే ఇంటింటికీ ఈమెయిల్ చేసిన క్లబ్బు పెద్దలు మీరు. దాన్ని ప్రింట్ తీసి పిల్లకి బట్టీ పట్టించిన నాన్నలు మీరు. పక్కన దోసె తిరగేస్తూ అంతా వింటూ కూడా నోరెత్తని అమ్మలు మీరు. తప్పు బంతిది కాదు, గోల్ స్తంభానిది కాదు. మీది.

దెబోరా కూడా ఆ దోసె తిరగేసిన రకమే. ఆమెను నేనేం వెనకేసుకు రాను. కానీ ఆమెకు జరిగింది వినండి.

అమెరికాలోని ఫ్రిస్కోలో కారు లేకుండా పాల ప్యాకెట్ కూడా ఇంటికి రాదు. అలాంటి ఊళ్లో పిల్లల ఫుట్‌బాల్ కోచ్ ఇమానోల్ కారు నడపడు. లైసెన్స్ ఉంది, నడపడు. అందుకని ప్రతి శనివారం పొద్దున దెబోరా అతని అపార్ట్‌మెంట్ ముందు ఆగి అతన్ని ఎక్కించుకునేది. వెనక సీట్లో ఆమె కూతురు జెనిఫర్, పద్నాలుగేళ్లది, మోకాళ్ల దాకా మేజోళ్లు లాక్కుని ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చునేది. టీములో డిఫెండర్ ఆ పిల్ల. ఇమానోల్ కూడా ఒకప్పుడు డిఫెండరే.

కారులో అతను తన కథ ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. కొన్ని ముక్కలు రెండుసార్లు చెప్పేవాడు. ఇద్దరిదీ అరువు ఇంగ్లీషే కాబట్టి ఒకరికొకరు బాగానే అర్థమయ్యేవారు. స్పెయిన్‌లో ఉత్తరాన, సముద్రం పక్క ఊరు. పదిహేడో ఏట రెండో డివిజన్ క్లబ్బులో చేరాడు. గాల్లోకి లేచిన బంతి ఏదైనా అతని నుదుటికే తగలాలి. అదీ అతని ఉద్యోగం. పన్నెండేళ్లు ఆ ఉద్యోగం చేసి ఇరవై తొమ్మిదికే మానేశాడు. పేపర్లో మోకాలు పోయిందని రాశారు. మోకాలికి ఏమీ కాలేదు.

తర్వాత మేనేజర్ అయ్యాడు. ఒక చిన్న ఊరి క్లబ్బుని పై డివిజన్‌కి ఎక్కిస్తే జనం అతన్ని భుజాల మీద మోసుకుంటూ వీధులన్నీ తిప్పారు. మరుసటి ఏడాది ఒక ఆట విరామంలో మాట్లాడుతూ మాట్లాడుతూ కెప్టెన్ పేరు మర్చిపోయాడు. ఇంకో ఆటలో, అప్పటికే మైదానంలో ఉన్నవాణ్నే లోపలికి పంపమన్నాడు. బెంచీ మీదున్నవాళ్లు మొదట జోకనుకుని నవ్వారు. ఆ నెలలోనే ఉద్యోగం పోయింది. అమెరికాలో పిల్లల టీములకి కోచ్‌గా రావడానికి ఇబ్బందేం కాలేదు. యూరప్‌లో ఆడాడంటే చాలు ఇక్కడ. ఎందుకు మానేశాడని ఎవరడుగుతారు?

సెప్టెంబర్‌లో ఒక శనివారం అతను సీటు బెల్ట్ పెట్టుకుంటుంటే ఒకటి దెబోరా కంటపడింది. ఎడమ మణికట్టుకి తెల్ల టేపు. దాని మీద నీలం పెన్నుతో రాత. శనివారం. దెబోరా. తెల్ల కారు.

"ఇదేంటి కోచ్, నా పేరు రాసుకున్నారు?"

"పాత అలవాటు," అన్నాడు. "తలకి దెబ్బ తగిలితే మా డాక్టర్ మూడే ప్రశ్నలు అడిగేవాడు. ఇవాళ ఏ రోజు, ఎవరితో ఆట, స్కోరెంత. మొదటి రెండూ టేపు మీద రాసుకుని దిగేవాణ్ని. మూడోది పక్కవాడు చెవిలో ఊదేవాడు. ఒక్కసారి కూడా ఫెయిలవలేదు."

అతను నవ్వాడు. దెబోరా కూడా నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. అప్పటికి వారం రోజులుగా వాళ్లింట్లో ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద ఒక కాగితం వేలాడుతోంది.

అది క్లబ్బు పంపిన కాగితం. తల అదిరిందని అనుమానం వస్తే పిల్లని ఆట మాన్పించి కూర్చోబెట్టాలని రూలుంది. అందుకే అనుమానమే రాకుండా ఉండేందుకు క్లబ్బువాళ్లు ఈ కాగితం తయారు చేసుకున్నారు. దెబ్బలు చూసే ట్రైనర్ ఐదు మాటలు చెబుతుంది, పిల్ల తిరిగి చెప్పాలి. నెలల పేర్లు వెనక నుంచి చెప్పాలి. ఎప్పుడూ అవే ఐదు మాటలు. "కుటుంబాలకు ముందుగా పరిచయం ఉండటం మంచిది" అని ఈమెయిల్లో రాశారు.

దెబోరా భర్త నోయెల్‌కి ఇంతకన్నా ఏం కావాలి? తెలుగు చర్చిలో బైబిల్ కంఠత వాక్యాల పోటీకి జెనిఫర్‌ని తయారు చేసింది అతనే. స్నానానికి ముందు ఒకసారి, అన్నం ముందు ఒకసారి, కారులో రెండుసార్లు. మూడేళ్లుగా మొదటి బహుమతి ఆ ఇంటికే వస్తోంది. ఇదీ అదే పద్ధతిలో మొదలుపెట్టాడు.

"జెన్నీ, ఫైవ్ వర్డ్స్."

"లాంతర్న్, పెప్పర్, జాకెట్, రివర్, స్పూన్. డాడీ, ఇది మెమరీ వర్స్ కన్నా ఈజీ."

"ఏవండీ, అది అలా నేర్పించేది కాదేమో," అంది దెబోరా పొయ్యి దగ్గర నుంచి.

"టెస్ట్ అన్నాక ప్రిపేర్ కావద్దా? ముందే పంపారంటే ఎందుకంటావ్? వంద వాక్యాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పిన పిల్ల. ఐదు మాటలు ఒక లెక్కా?"

దెబోరా దోసె తిరగేసింది. నవంబర్ టోర్నమెంట్‌కి కాలేజీల స్కౌట్స్ ఆటగాళ్లని ఏరుకోవడానికి వస్తున్నారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

టోర్నమెంట్ రోజు కూడా ముగ్గురూ ఒకే కారులో వెళ్లారు. నోయెల్ టెంటూ కుర్చీలూ వేసుకుని ముందే వెళ్లిపోయాడు. జెనిఫర్ వెనక నుంచి ఇమానోల్‌కి ఇడ్లీ అందిస్తుంటే కారు ఒక కుదుపు కుదిపింది. కొబ్బరి పచ్చడి అతని బూడిదరంగు జాకెట్ మీద, సరిగ్గా గుండెల మీద పడింది.

"అయ్యో, సారీ మిస్టర్." స్పెయిన్‌లో ఆటగాళ్లు కోచ్‌ని అలాగే పిలుస్తారని నేర్పాడు అతను. "మా మమ్మీ వాష్ చేస్తుంది."

"మీ మమ్మీకి వేరే పనేం లేదు మరి," అంది దెబోరా. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు గుర్తు పెట్టుకోండి.

ఆట రెండో సగంలో కార్నర్ కిక్ వచ్చింది. జెనిఫర్ గాల్లోకి లేచింది. ఇంకో పిల్లా లేచింది. రెండు తలలు తగిలాయి, జెనిఫర్ వెనక్కి పడుతూ గోల్ స్తంభానికి కొట్టుకుంది. గట్టి గుమ్మడికాయని గట్టు మీద దింపినట్టు చప్పుడైంది. పిల్ల వెంటనే లేచి నిలబడింది. మరీ వెంటనే లేచింది. ఆ లేవడం చూసి దెబోరాకి ఇంకా భయం వేసింది.

"ఫైన్ ఫైన్, లేచింది చూడు," అన్నాడు నోయెల్ కుర్చీలోంచి.

జెనిఫర్‌ని గీత బయటికి తీసుకొచ్చారు. ట్రైనర్ కాగితం పట్టుకుని వచ్చింది, పాతికేళ్ల అమ్మాయి. "జెనిఫర్, ఇప్పుడు నేను ఐదు మాటలు..."

"లాంతర్న్, పెప్పర్, జాకెట్, రివర్, స్పూన్."

ఆ అమ్మాయి ఇంకా ఒక్క మాట కూడా చెప్పలేదు. నవ్వేసి టిక్కు పెట్టింది. నోయెల్ చప్పట్లు కొట్టాడు. క్లబ్బు డైరెక్టర్ వెనక నుంచి "గుడ్ గర్ల్, పంపండి" అన్నాడు. అడగకముందే వచ్చిన జవాబు అది. ఆ జవాబు చెప్పడానికి లోపల మనిషి ఉండక్కర్లేదు.

ఇమానోల్ తన మణికట్టు మీది టేపు వైపు చూసుకున్నాడు. తర్వాత పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని జాకెట్ మీది మరక చూపించాడు. "ఇదెవరి పని?"

జెనిఫర్ మరకని చూసింది. చర్చిలో తెలియని ఆంటీని చూసి నవ్వినట్టు మర్యాదగా నవ్వింది. "ఐ డోంట్ నో, మిస్టర్."

"పొద్దున ఇక్కడికి ఎలా వచ్చాం?"

"బస్‌లో కదా."

ఆ టీముకి ఏనాడూ బస్సు లేదు.

"ఆ ప్రశ్నలు కాగితంలో లేవు ఇమానోల్," అన్నాడు డైరెక్టర్. "పిల్ల పాసయింది."

"నేనూ పాసయ్యాను. పన్నెండేళ్లు." ఇమానోల్ టేపు ఊడదీసి డైరెక్టర్ చేతిలో పెట్టాడు. "చదువు. ఇది లేకపోతే ఇవాళ ఏ వారమో నాకు తెలీదు. నన్ను తీసేస్తావా, తీసెయ్. పిల్ల లోపలికి వెళ్లదు."

డైరెక్టర్ టేపు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అయితే నువ్వు పక్కకి తప్పుకో. జెనిఫర్, గో."

పిల్ల పరుగెత్తింది. అవతలి టీము బెంచీ వైపు పరుగెత్తింది.

తల్లిదండ్రులు తెల్ల గీత దాటకూడదని రూలు. దెబోరా దాటింది. రిఫరీ విజిల్ వేస్తూనే ఉన్నాడు. ఆమె కూతుర్ని రెండు చేతులా వాటేసుకుని గడ్డి మీద కూర్చోబెట్టింది.

"మమ్మీ, అందరూ చూస్తున్నారు. ఎందుకు ఏడుస్తున్నావ్?"

"ఏం లేదమ్మా."

జెనిఫర్ కాసేపు గడ్డి వైపు చూసింది. తలెత్తింది. "మమ్మీ, ఎందుకు ఏడుస్తున్నావ్?"

అదే గొంతు, అదే ఆశ్చర్యం. కారులో ఇమానోల్ ఒకే ముక్కని రెండోసారి చెప్పినప్పుడు ఉండే గొంతు.

నోయెల్ పరుగెత్తుకొచ్చాడు. "కొంచెం నీళ్లు తాగితే..."

"911 కొట్టండి."

"దెబోరా, స్కౌట్స్..."

"ఫోన్ తియ్యండి."

తీశాడు. మొదటిసారి తప్పు నొక్కాడు.

ఆ పిల్ల ఇప్పుడు చీకటి గదిలో పడుకుంటోంది. బడి లేదు, ఫోన్ లేదు. దెబోరా, ఇమానోల్ ఇచ్చిపోయిన బూడిదరంగు జాకెట్‌ని ఉతకకుండానే రోజూ పొద్దున మంచం దగ్గరికి తెచ్చి, ఇదెవరి పనమ్మా అని అడుగుతుంది. జవాబు కోసం చూస్తుంది. కొన్ని రోజులు వస్తోంది. కొన్ని రోజులు రావడం లేదు. ఇమానోల్‌ని క్లబ్బు తీసేసింది. కాగితాన్ని మాత్రం తీసెయ్యలేదు. వచ్చే శనివారం కూడా అవే ఐదు మాటలు.

అందుకని క్లబ్బు పెద్దలకి చెబుతున్నాను, తలకి దెబ్బ తగిలిన పిల్ల ఆ రోజుకి మళ్లీ లోపలికి వెళ్లకూడదు, ఎన్ని మాటలు అప్పజెప్పినా సరే. ఎప్పుడు వెళ్లాలో మీ జీతం తీసుకోని డాక్టరు చెప్పాలి. ఇమానోల్‌ని వెనక్కి పిలవండి. మీ అందరిలో పిల్లని పిల్లగా చూసినవాడు అతనొక్కడే. ఇక అమ్మలూ నాన్నలూ, మీరు శనివారం దాకా ఆగకండి. ఇది చదవడం ఆపి లేవండి. ఫ్రిజ్ మీది మాగ్నెట్ తియ్యండి. ఆ కాగితం చింపండి. ఇప్పుడే, మీ పిల్ల చూస్తుండగా.