అచ్చం అదే

మౌస్ తగలగానే బొమ్మ ఉబ్బింది.

"చూడండి వదినా," అన్నాడు మరిది, బాణాన్ని తెర అడుగున ఈ చివరనుంచి ఆ చివరకి మెల్లగా లాగుతూ. వరసగా కూర్చున్న బొమ్మలు బాణం వచ్చినచోట పొంగి, అది దాటగానే అణిగిపోతున్నాయి. దుప్పటి కింద ఎలుక పరిగెత్తినట్టుంది. "అన్న మెషీన్లో ఎంత ఉబ్బేవో అంతే. వెంట్రుకవాసి తేడా లేదు."

ఆమెకు కడుపులో తిప్పింది. "బాగుంది," అంది.

ఎందుకలా అన్నదో తర్వాత చాలాసేపు ఆలోచించింది. ఎదుటివాడు కష్టపడి చేసినదేదైనా బాగుందనడం ఆమెకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. ఆ జబ్బు వల్లనే కాపురంలోనూ, ఆ తర్వాతా నెగ్గుకొచ్చింది.

ఆ ఇంటి ముందుగదిలో ఆమె, ఆమె భర్త కలిసి పాత ఫొటోలు బాగుచేసేవారు. చెమ్మ తిన్నవీ, చెదలు కొట్టినవీ, మడతలో చిరిగినవీ జనం పట్టుకొస్తే, వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, పోయిన ముక్కులూ చెవులూ మళ్ళీ గీసి, కొత్త ప్రింటు తీసి ఇచ్చేవారు. నిరుడు చలికాలంలో ఆయన గుండె ఆగి పోయాడు. ఆయన ముచ్చటపడి కొనుక్కున్న ఖరీదైన మెషీన్ కూడా, యజమాని వెనకాలే బయల్దేరినట్టు, కొన్నాళ్ళకి కన్ను మూసింది. మెకానిక్ మూత విప్పి చూసి, "దీనికి మందు లేదమ్మా, మట్టే," అన్నాడు.

మరిది ఊళ్ళోనే వేరే గది తీసుకుని ఉంటాడు, ఒక పెద్ద ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగి. అక్కడ మూలపడేసిన డబ్బా ఒకటి అడిగి తెచ్చాడు. అందులో ఉచితంగా దొరికే వేరే సిస్టం ఎక్కించి, వదినకి కొత్తగా నేర్చుకునే బాధ ఉండకూడదంటూ, దానికి అన్న మెషీన్ వేషం కట్టడం మొదలుపెట్టాడు. ముందు అడుగున ఆ బొమ్మల పట్టీ వచ్చింది. డాక్ అంటారు దాన్ని. తర్వాత తెరమీది కిటికీలు మూసే మూడు గుండ్రటి బొత్తాలు కుడివైపునుంచి ఎడమవైపుకి మారాయి. పట్టీకి గాజు మెరుపొచ్చింది. ప్రోగ్రాం తెరుచుకునే ముందు దాని బొమ్మ రెండుసార్లు ఎగిరి కూర్చోవడం వచ్చింది. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అతికించి పోయేవాడు, పిచ్చుక గూటికి పుల్లలు తెచ్చినట్టు.

అత్తగారు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని చూసేది. ఆవిడకి కంప్యూటరంటే ఏమీ తెలియదు. అయినా, "అచ్చం పెద్దోడిదే. చూశావా అమ్మాయ్? చిన్నోడి చేతిలో ఏదో ఉంది," అనేది.

ఆమెకు మాత్రం పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్న సంగతి గుర్తొచ్చేది. కాని అంతటితో సరిపెట్టుకుందామంటే మనసు ఒప్పుకోలేదు. నక్కని చూస్తే నవ్వు రావాలి. తనకి నవ్వు రావడం లేదు, వాంతి వస్తోంది. ఎందుకు?

పని చేస్తూ చేస్తూ గమనించింది. ఆ డబ్బాలో మీటలు కూడా మార్చాడు మరిది. పాత మెషీన్లో బొటనవేలితో నొక్కే మీట ఎక్కడుండేదో ఇక్కడా అక్కడే పనిచేసేట్టు చేశాడు. ఆమె బొటనవేలు, ఆమెని అడక్కుండానే, దాని చోటు అది చూసుకుని హాయిగా సర్దుకుంది. ఆ హాయి చూసే ఆమెకి ఒళ్ళు జలదరించింది. పూర్తిగా పరాయిదైతే మనిషి భయపడతాడు, లేదా ముచ్చటపడతాడు. అసహ్యం పుట్టాలంటే అందులో తనది కొంత ఉండాలి. తలమీద ఉన్నంతసేపూ నూనె రాసి దువ్వుకునే వెంట్రుకే, అన్నంలో కనిపిస్తే కంచం తోసేస్తాం. అది తన వెంట్రుకేనని తెలిస్తే మరీను.

ఒకరోజు పొద్దున్న ఉతికిన బట్టలు మడతపెడుతుంటే అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది.

"చెప్పడానికి నోరు రావడం లేదు. చెప్పకపోతే కడుపుబ్బరం," అంది.

"చెప్పండి అత్తయ్యా."

"చిన్నోణ్ణి చేసుకో."

ఆమె చేతిలో దిండు గలీబు సగం మడతలో ఆగిపోయింది.

"అలా గుడ్లప్పగించకు. పాపమేం కాదు. వాడికీ పెళ్ళి కాలేదు, నీకూ వయసైపోలేదు. ఇల్లు నా తర్వాత వాడిది. రేపు పరాయి పిల్ల ఎవరో కోడలిగా వస్తే, ముందుగదిలో నీ ఫొటోలూ నువ్వూ ఉంటారా? వాడైతే నిన్ను కళ్ళలో పెట్టుకుంటాడు. చూస్తున్నావు కదా, పెద్దోడిలాగే ఉండాలని ఎంత తాపత్రయపడుతున్నాడో."

"నాతో అనలేదే."

"ఆదివారం వచ్చి అడుగుతాడు. నేనే అడగమన్నాను. కాదనకమ్మా."

కాదంటే ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు. చెప్పక్కర్లేదు. ఈ గది పోతే ఈ పని పోతుంది. ఊళ్ళో వాళ్ళకి ఈ గుమ్మమే తెలుసు. ఇంకో వీధిలో, ఇంకో మెట్లు ఎక్కి, చెదలు తిన్న తాతగారిని తనకోసం ఎవరు పట్టుకొస్తారు? అదీగాక మరిది చెడ్డవాడు కాదు. తాగడు, అరవడు. సరేననడానికి కారణాలు ఎన్నైనా ఉన్నాయి. వద్దనడానికి ఒక్కటే ఉంది, అదీ కడుపులో తిప్పడం. దాన్నెవరు కారణమంటారు?

ఫొటోలు బాగుచేసే పనిలో కొత్తవాళ్ళందరూ ఒక తప్పు చేస్తారు. బొమ్మలో ఎడమ చెంప పోయిందనుకోండి. కుడి చెంపని కోసి, తిరగేసి, ఎడమవైపు అతికించేస్తారు. చక్కగా అతుకుతుంది, ఎక్కడా గీత కనపడదు. కాని ఆ ముఖం మనిషి ముఖం కాదు. ఏ మనిషికీ రెండు చెంపలూ ఒకటిగా ఉండవు. ఫొటో తెచ్చినవాళ్ళు చూసుకుని, తేడా ఎక్కడుందో చెప్పలేక, "మా నాన్నేలెండి, కాకపోతే..." అని నసుగుతారు. మొదట్లో భర్తా ఆ తప్పు చేశాడు, ఆమె కూడా చేసింది. మరిది వచ్చి వెళ్ళినప్పుడల్లా ఆమెకు ఆ ముఖాలు గుర్తొచ్చేవి. అతను ఎప్పుడో ముక్కుతో నవ్వడం మొదలుపెట్టాడు. "హుఁ" అని ఒక్క ఊపిరి. అది భర్త నవ్వు. మాట్లాడే ముందు బల్లమీద వేలితో రెండుసార్లు తట్టడం కూడా భర్తదే. తను గమనించేసరికే అవన్నీ అతుక్కుపోయి ఉన్నాయి.

ఆదివారం భోజనాలయ్యాక వచ్చాడు. గుమ్మంలో అతన్ని చూసి ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. చెంపలు నున్నగా గీసుకుని, గడ్డం చివర మాత్రం అన్న ఉంచుకున్నంతే ఉంచుకున్నాడు.

"ఇలా వచ్చి కూర్చో," అన్నాడు.

కూర్చోండి అనలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి. లోపల గదిలో మంచం కిర్రుమంది. అత్తగారు చెవులు రిక్కించినట్టుంది.

ఆమె కూర్చుంది. అతను వెనక నిలబడి, ఆమె భుజం మీదుగా చెయ్యి చాచి మెషీన్ ఆన్ చేశాడు. డాక్‌లో కొత్త బొమ్మ ఒకటి చేరింది. గుర్రం తలకాయ.

"చదరంగం," అన్నాడు. "అన్న వరసలో ఎడమనుంచి నాలుగోది ఇదే. ఇంతకాలం అక్కడ ఖాళీ ఉండిపోయింది, నాకు నచ్చేది కాదు. ఇవాళ్టితో పూర్తయింది."

ఆమె దాన్ని నొక్కింది. బొమ్మ రెండుసార్లు ఎగిరి కూర్చుంది. ఏమీ రాలేదు.

"రాదు వదినా. ఆ ఆట ఈ సిస్టంలో నడవదు. బొమ్మ మాత్రం సంపాదించాను."

"అది ఇక్కడ ఉండేదని నీకెలా తెలుసు?"

"ఫొటో ఉంది కదా. అన్న మెషీన్ ముందు కూర్చుని ఉంటాడు, నువ్వు వెనకనుంచి తీసింది. ముఖం కనపడదు కాని తెర కనపడుతుంది. బాగా పెద్దది చేసి చూశాను. మసకే, అయినా ఒక్కో బొమ్మనీ పోల్చుకోవచ్చు."

ఆ ఫొటో ఆమెకు తెలుసు. నా మొగుడి ముఖం ఇదీ, మర్చిపోకుండా ఒకటి తీసిపెట్టుకుంటానని, ఉక్రోషంతో ఆయన వీపుకి తీసిన ఫొటో. ఆయన చెయ్యెత్తినవాడు కాదు, గొంతెత్తినవాడు కాదు. పని ముగియగానే ఆ గుర్రాన్ని నొక్కేవాడు. ఇక ఆ గదిలో ఆమె ఉండేది కాదు. గ్యాస్ అయిపోయిందన్నా "ఊఁ", వాన వస్తోందన్నా "ఊఁ". బిడ్డ నిలవదని డాక్టరమ్మ చెప్పిన రోజు ఆమె వచ్చి వెనక నిలబడి ఆ సంగతి మొత్తం చెప్పింది. ఆయన మొత్తం విన్నాడు. "ఊఁ" అన్నాడు. కొంచెంసేపు ఆగి, గుర్రాన్ని జరిపాడు.

ఆ గుర్రాన్నే మరిది ఆఫీసు పని మానుకుని వెతికి, కోసి, తెచ్చి, ఇక్కడ కట్టేశాడు. నడవకపోయినా సరే, ఉండాలని.

అప్పుడు తెలిసింది ఆమెకు, తన కడుపు ఇన్నాళ్ళూ దేనికి తిప్పిందో. నకలు బాగాలేక కాదు. నకలు మరీ బాగుండి, అసలుదేమిటో చూపిస్తోంది. నెలల తరబడి ఆమె ఈ గదిలో ఒక్కతే కూర్చుని పనిచేసింది. అప్పుడప్పుడూ పాడుకుంది కూడా. ఇప్పుడు ఇద్దరు మనుషులు కలిసి, ప్రేమతో, ఆ వీపుని మళ్ళీ తెచ్చి ఆమె ముందు కూర్చోబెడుతున్నారు.

"ఏం వదినా, మాట్లాడవు?" బల్లమీద రెండుసార్లు తట్టాడు. "హుఁ" అని నవ్వాడు.

"ఆ నవ్వు కూడా ఫొటోలో దొరికిందా?"

అతని చెయ్యి బల్లమీదే ఆగిపోయింది.

"నీ కంప్యూటర్ ఎలా ఉంటుంది?" అంది ఆమె, అటు తిరిగి.

"నాదా?"

"నీదే. నీ గదిలోది."

"నాదేముంది వదినా." మాట తడబడింది. "నల్ల తెర. ఏం ఉండవు దాని మీద. బొమ్మలంటే నాకసలు చికాకు. ఏం కావాలన్నా పేరు కొట్టి పిలుస్తాను, వస్తుంది. మీకు చూపిస్తే ఇదేం కంప్యూటర్రా అని నవ్వుతారు." మీరు అనడం వెనక్కి వచ్చేసింది. గబగబా, మాటల చివర్లు మింగేస్తూ మాట్లాడుతున్నాడు, పెళ్ళైన కొత్తలో ఆమె చూసిన కుర్రాడిలాగా. గడ్డం మాత్రం ఎవరిదో తెచ్చి అంటించినట్టు వేలాడుతోంది.

ఈ మనిషే వచ్చి అడిగి ఉంటే? అప్పుడూ వద్దనే అనేదేమో. కాని ఇంత అసహ్యంతో అనేది కాదు. అతని మీద జాలి కలుగుతుందేమోనని ఒక క్షణం చూసింది. కలగలేదు. కలగనందుకు తనమీద తనకే రోత పుట్టింది.

"నువ్వు అడగాలని వచ్చింది అడగకు," అంది. "నాకు వద్దు."

అతను తెరవైపు చూశాడు. "తెలుసు వదినా. అన్నని మీరు మర్చిపోలేరు," అన్నాడు. కళ్ళు చెమర్చాయి.

తప్పించుకోవడానికి ఎంత చక్కటి దోవ. తల వంచుకుని ఊరుకుంటే చాలు. మరిది దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు, అత్తగారు నెత్తిన పెట్టుకుంటుంది, గది తనకే మిగులుతుంది. బాగుంది అనడమంత తేలిక. నోట్లో ఆ మాట అప్పుడే చప్పగా, జిగటగా తయారైంది.

"మర్చిపోదామనే చూస్తున్నాను," అంది ఆమె. "నువ్వు మర్చిపోనివ్వడం లేదు. మీ అన్న ఆ గుర్రాన్ని నొక్కితే ఈ గదిలో నేను మాయమైపోయేదాన్ని. నీకు తెలియదు. మీ అమ్మకీ తెలియదు. తెలియకుండా మీరిద్దరూ ఆయన్ని మళ్ళీ కట్టి నిలబెడుతున్నారు."

అతను తలుపు వైపు నడిచాడు. బయటకి వెళ్తూ అద్దాల తలుపులో తన నీడ చూసుకుని గడ్డం మీద చెయ్యి పెట్టుకున్నాడు, దాచుకోవాలనో, పీకెయ్యాలనో. చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. వెళ్ళొస్తానని అనలేదు. ఆమె రమ్మనలేదు.

లోపలికి వెళ్ళేసరికి అత్తగారు మంచంమీద లేచి కూర్చుని ఉంది.

"అడిగాడా?"

"లేదు. నేనే వద్దన్నాను."

"అడగకుండానే?"

"అడిగితే మీ పెద్దబ్బాయి గొంతుతో అడుగుతాడని."

అత్తగారి ముఖం ముడుచుకుంది. తిడుతుందనుకుంది ఆమె. ఇల్లు ఖాళీ చెయ్యమంటుందనుకుంది, ఆ మాటకి జవాబు కూడా వెతుక్కుంది. ఆవిడ అటు తిరిగి పడుకుంది. వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేయలేక తంటాలు పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

"అమ్మాయ్," అంది అత్తగారు, గోడ వైపే చూస్తూ.

"ఊఁ."

"పెద్దోడి గొంతు ఎలా ఉండేదే? తలుచుకుంటుంటే చిన్నోడిదే వస్తోంది నాకు. ఇందాకట్నుంచీ చూస్తున్నాను. అదే వస్తోంది."

ఆమె గుమ్మం దగ్గరే నిలబడి, చెప్పడానికి ప్రయత్నించింది.