నూనె తలలతో ముగ్గురు

సుందర్ బూట్లు తొడుక్కుంటూ ఆ మాట చెప్పాడు. నిన్న సాయంత్రం భార్య శోభనతో కూచుని కొబ్బరి కోరుతున్నప్పుడు చెప్పలేదు. రాత్రి పిల్లల కొత్తబట్టలు మడతపెట్టి మంచం కాళ్ళ దగ్గర పెడుతున్నప్పుడు కూడా చెప్పలేదు. దీపావళి పొద్దున, తూరుపు ఎర్రబడే వేళకి, గుమ్మంలో కూచుని లేసులు ముడేసుకుంటూ ముఖం నేలకేసి చెప్పాడు.

"రామ్ నారాయణకి మొన్న పాప పుట్టింది. వాడి షిఫ్ట్ ఇవాళ నేను చేస్తా అని చెప్పినా. రెండు గంటలకి వచ్చేస్తా."

శోభన చేతిలో వేడిచేసిన కొబ్బరినూనె గిన్నె ఉంది. అది కింద పెట్టడానికి కూడా తోచలేదు.

"పిల్లలకి నీళ్ళు ఎవరు పోస్తారు? జైని ఎవరు పట్టుకుంటారు?"

"అమ్మ ఉంది కదా."

అమ్మ ఉంది. మోకాళ్ళు వాచి కుర్చీలోంచి లేవలేని అమ్మ. సుందర్ టిఫిన్ క్యారియర్ పట్టుకుని, సైకిలెక్కి, రారవాయి చక్కెర మిల్లు వైపు వెళ్ళిపోయాడు. చెరుకు ఆడే నెలల్లో మిల్లుకు పండగ ఉండదని శోభనకు తెలుసు. కానీ ఈ రోజు అతనికి సెలవు వచ్చింది. వచ్చిన సెలవును చేతులారా ఇంకొకరికి ఇచ్చి పోయాడు.

అత్తగారు ద్రౌపది దీవికి అవతలి వైపు సింగటోకాలో పెద్దకొడుకు దగ్గర ఉండేది. కాళ్ళ నొప్పులకు చూపించుకోవడానికని ఆగస్టులో ఇక్కడికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే మాట. దీపావళినాడు సూర్యుడు మొలవకముందు పిల్లలకి తలంటు పోయాలి. వాళ్ళమ్మ ఆమెకు పోసేది. ఆమె తన కొడుకులకు పోసింది. పెద్దకోడలు సర్లా ఏటా నలుగురు పిల్లలకీ పోసి, కొత్తబట్టలు కట్టి, ఏడు గంటలకల్లా దేవుడి ముందు నిలబెడుతుంది. ఇది విని విని శోభనకు చెవులు గింగుర్లెత్తాయి. సర్లాకు నీళ్ళు తోడి పెట్టే మొగుడున్నాడన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. అయినా, ఈ ఏడు తనూ చేసి చూపించాలనుకుంది. పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదో సంవత్సరపు దీపావళి తమ ఇంట్లో ఒక్క లోటూ లేకుండా జరగాలనుకుంది. మూడు రోజులుగా ఇల్లు కడిగింది, పిండ్లు దంచింది, కుట్టుమిషన్ ముందు కూచుని జైకి తెల్లచొక్కా, ఆడపిల్లలకి పచ్చగౌన్లు కుట్టింది.

"శోభనా, తెల్లారిపోతా ఉంది," కుర్చీలోంచి ద్రౌపది పిలిచింది.

"వస్తన్నా అత్తా."

మాలకు ఏడేళ్ళు. లేపగానే లేచి పీట మీద కూచుంది కానీ, నూనె చెయ్యి పడగానే ఆరంభించింది. "మమ్మీ, కళ్ళలో పడ్తా ఉంది. మమ్మీ, గట్టిగా నై." సత్యకు రెండున్నర. నిద్రలోనే నూనె రాయించుకుని, నిద్రలోనే ఏడ్చింది. అయిదేళ్ళ జై ఇంటి కిందికి దూరాడు. ఇల్లు మూడడుగుల స్తంభాల మీద ఉంది. కింద పాతడబ్బాలు, కోళ్ళు, మట్టి. శోభన వంగి పిలిచింది.

"జై, బయటికి రా."

"నై ఆయేగా," రానని మొండికేశాడు.

"పటాకీ ఇస్తా."

"ముందు దిఖావ్," చూపిస్తేనే వస్తానన్నాడు.

ద్రౌపది పైనుంచి అందుకుంది. "ఏం భాషరా అది? అవ్వ దగ్గరికి రా నాయనా. మంచి పిల్లోడివి కదా."

అమ్మ వాడితో మాట్లాడేది హిందీలోనే కాబట్టి, అవ్వ తెలుగులో జైకి 'నాయనా' ఒక్కటే అర్థమైంది. అది మంచి మాటని తెలుసు, మంచి మాటల తర్వాత ఏం వస్తుందో కూడా తెలుసు. ఇంకా లోపలికి జరిగాడు. చివరికి శోభన మోకాళ్ళ మీద పాకి, కాలు పట్టుకుని లాక్కొచ్చింది. వాడి ఒంటికీ ఆమె చీరకూ మట్టి సమానంగా అంటింది. ఆ మట్టి మీదే నూనె రాసింది. ద్రౌపది చెప్పినట్టు శనగపిండిలో పసుపు కలిపి ముగ్గురికీ నెత్తి నుంచి కాళ్ళ దాకా పట్టించింది. పసుపుపచ్చగా, జిడ్డుగా, ముగ్గురూ వరసగా నిలబడ్డారు.

అప్పుడు కుళాయి తిప్పింది.

కుళాయి దగ్గింది. తుప్పురంగు నీళ్ళు ఒక గరిటెడు కక్కింది. తర్వాత గాలి ఈలవేసింది. అంతే.

శోభన ఇంకా తిప్పింది. వెనక్కి తిప్పి మళ్ళీ తిప్పింది. డ్రమ్ము మూత తీసి చూసింది. నిన్న నింపి పెట్టమని సుందర్‌కు రెండుసార్లు చెప్పింది. అడుగున వేలెడు లోతు మురికినీళ్ళు, అందులో సత్య చెప్పు తేలుతోంది. వంటింట్లో ఒక్క బిందె ఉంది. అది తాగడానికి, పప్పు నానబెట్టడానికి, దేవుడికి.

రోడ్డు మీద పోతున్నవాళ్ళని అడిగితే, ఎక్కడో పెద్ద పైపు పగిలిందట, మధ్యాహ్నం దాకా రాదట.

"టవల్ పెట్టి తుడిచేస్తా అత్తా," అంది.

ద్రౌపది కళ్ళు పెద్దవి చేసింది. "తలంటుకి నూనె పెట్టి నీళ్ళు పొయ్యకుండా ఉంచుతారా ఎవరన్నా? పండగ పూట? నూనె తలతో దేవుడి ముందుకా?"

"నీళ్ళు లేవు అత్తా. నేనేం చెయ్యాల?"

"సర్లా అయితే ముందే పట్టి పెట్టుకునేది."

నోరు తెరిస్తే ఏం మాట వస్తుందో శోభనకే భయమేసింది.

మాల గోడకానుకుని పిండి గీక్కుంటూ, పెద్దమనిషిలా అంది: "రాజ్‌కుమారి మౌసీ ఇంట్లో ట్యాంక్ ఉంది మమ్మీ."

"నోరు మూసుకో."

పిల్ల బిత్తరపోయింది. తను ఏం తప్పు అన్నదో దానికి తెలియదు.

కాలువకు అవతల ఇల్లు, పిల్లలు పిన్నివరసగా మౌసీ అని పిలిచే రాజ్‌కుమారిది. ఇనపరేకు ట్యాంకు, పైకప్పు మీంచి దాంట్లోకి పడే వాననీళ్ళు. జూన్ నెలలో జై విసిరిన రాయి తగిలి వాళ్ళ కిటికీ అద్దం పలక పగిలింది. రాజ్‌కుమారి కాలువ దగ్గరికి వచ్చి, పిల్లల్ని కట్టేసుకోమని కేకలేసింది. ఆ రోజు సత్యకు జ్వరం, సుందర్ అప్పుడూ డ్యూటీలోనే ఉన్నాడు. శోభన కూడా కేకలేసింది. మాటకు మాట పెరిగి, చివరికి అనేసింది: "నీకూ పిల్లలుంటే తెలిసేది." పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా రాజ్‌కుమారికి పిల్లలు లేరు. ఆమె ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తర్వాత ఈ ఇంటి వైపు తల తిప్పలేదు. శోభన ఒకటి రెండుసార్లు కాలువ దాకా వెళ్ళింది కానీ, దాటడానికి కాళ్ళు రాలేదు. సుందర్‌కు ఆ మాట సంగతి చెప్పనేలేదు. అద్దం గురించి గొడవైందని మాత్రం చెప్పింది.

ఇవాళ ఆ ఇంటి వైపు పోకుండా, రెండు బకెట్లు తీసుకుని రోడ్డు చివర స్కూలు దాకా నడిచింది. అక్కడి కుళాయి దగ్గర అప్పటికే ఏడెనిమిదిమంది ఖాళీ బకెట్లతో నిలబడి, ఒకరినొకరు చూసుకుంటున్నారు. వాళ్ళ ఇళ్ళలోనూ పండగే. వెనక్కి తిరిగింది. సూర్యుడు చెరుకు తోటల మీదికి వచ్చేశాడు. ఖాళీ బకెట్లు మోకాళ్ళకు తగులుతూ మోగుతున్నాయి.

ఇంటికొచ్చేసరికి జై కొత్త తెల్లచొక్కా వేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. నూనె, పసుపు, మట్టి అన్నీ దాని మీదికి ఎక్కాయి. గుండీలు ఒకదానికొకటి తప్పు కాజాల్లో పెట్టుకున్నాడు. "మమ్మీ, నేను రెడీ," అన్నాడు సంతోషంగా.

శోభన వాడి చెంప మీద ఒకటి కొట్టింది.

వాడు వెంటనే ఏడవలేదు. అమ్మ ఎందుకు కొట్టిందో ముఖంలో వెతుక్కున్నాడు. తర్వాత ఏడ్చాడు. వాణ్ణి చూసి సత్య ఏడ్చింది. కుర్చీలోంచి ద్రౌపది, "పండగ పూట పసివాణ్ణి కొడతావా?" అని గట్టిగా అరిచింది. శోభన వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరకేసి, నేల మీద కూచుంది. అరచేతిలో వాడి చెంప మీది నూనె ఉంది. దాన్ని చీరకు తుడుచుకుంది. పోలేదు. ఈ పండగ ఎవరి కోసం చేస్తున్నట్టు? పిల్లలకు అక్కర్లేదు. మొగుడికి గుర్తులేదు. అత్తగారికి ఏం చేసినా సర్లా చేసినంత కాదు.

అలా ఎంతసేపో కూచోలేదు. కూచునే తీరిక ఎక్కడుంది? సత్య పిండి నోట్లో పెట్టుకుని దగ్గుతోంది. లేచింది. చిన్నదాన్ని చంకనేసుకుంది, జై చెయ్యి పట్టుకుంది, బకెట్ మాలకిచ్చింది.

"ఎక్కడికి మమ్మీ?"

"నడువు."

కాలువ మీది పలక దాటారు. రాజ్‌కుమారి వరండాలో దీపాలకు వత్తులు చేసుకుంటోంది. నలుగుర్నీ చూసి చేతులు ఆపింది. శోభనను కాదు, ముందు పిల్లల్ని చూసింది. పసుపు ముద్దల్లా ఉన్న ముగ్గురు పిల్లల్ని పైనుంచి కిందికి చూసింది. నవ్వు రాలేదు ఆమెకు.

"క్యా మాంగ్తా?" ఏం కావాలని అడిగింది. వాళ్ళిద్దరి మధ్య మాటలెప్పుడూ హిందీలోనే.

"పానీ, దీదీ." శోభన సత్యను చంక మార్చుకుంది. "పిల్లలకి తలంటు పెట్టినా. కుళాయి ఆగిపోయింది."

రాజ్‌కుమారి లేచింది. ట్యాంకు దగ్గరికి వెళ్ళి, వేళ్ళ కణుపులతో రేకును కింద నుంచి పైకి కొట్టుకుంటూ పోయింది. తొడ ఎత్తు దాకా నీళ్ళ బరువుతో దప్పుమని, ఆ పైన బోలుగా ఖణేలుమని మోగింది. ఈ దీవిలో వానకాలం దీపావళి దాటాకే; ఆ ఏడు వానలు ఇంకా పడలేదు. పదిరోజుల నీళ్ళుంటాయేమో అందులో.

"మూడు బకెట్లు," అంది. "నాలుగోది లేదు."

నూనె, శనగపిండి పట్టిన తలకు ఒక్క బకెట్ ఏ మూలకు? శోభనకు అడగాలనిపించింది, అడగలేదు. పిల్లల్ని ట్యాంకు పక్కనున్న రాతి మీద నిలబెట్టి, చెంబుతో కొలిచి కొలిచి పోసింది. మాల వంతు బాగానే అయింది. జై గెంతి సగం నేలపాలు చేశాడు. ఇంట్లో అయితే ఇంకో దెబ్బ పడేదే. ఇక్కడ పళ్ళు బిగబట్టుకుంది. వాడి జుట్టు ముద్దకట్టుకుపోయి అలాగే ఉంది. సత్యకు చల్లనీళ్ళు తగలగానే ఊపిరి బిగబట్టి నీలంగా అయింది.

"ఆగు," అని రాజ్‌కుమారి లోపలికి వెళ్ళింది. స్టవ్ మీది కెటిల్ తెచ్చి సత్య బకెట్‌లో వొంపింది. తన చేత్తో కలిపి చూసింది. ఆ చెయ్యి బకెట్‌లో అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపే ఉంది. సత్య ఏడుపాపి ఆమె గాజులు పట్టుకుంది. రాజ్‌కుమారి మెల్లగా విడిపించుకుంది.

"దీదీ," అంది శోభన. "ఆ రోజు నేనన్న మాట—"

"పండగ పొద్దున ఆ మాట మళ్ళీ ఎందుకు తెస్తావు?" రాజ్‌కుమారి గొంతు పెంచలేదు. "ఒకసారి విన్నాను. చాలు."

"తప్పయింది."

"అవును," అంది రాజ్‌కుమారి. కెటిల్ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

శోభన తడిపిల్లల్ని తోలుకుని ఇంటికి వచ్చింది. దేవుడి ముందు దీపం పెట్టేసరికి తొమ్మిదిన్నర. జైకి పాతచొక్కా. గారెలు కొన్ని మాడాయి. ద్రౌపది ముగ్గురి తలలూ తడిమి చూసి, జై తల దగ్గర ఆగి, ఏదో అనబోయి కోడలి ముఖం చూసి మానేసింది. కాసేపటికి, "కూచో అమ్మా, నువ్వేమన్నా తిను," అంది. శోభన కూచోలేదు. ఆ మాట పొద్దున అని ఉంటే కూచునేదేమో.

రెండున్నరకు సుందర్ వచ్చాడు. జరిగిందంతా విన్నాడు. ఈసారి శోభన ఆ జూన్ నెల మాట కూడా దాచలేదు. అతను కాసేపు తల గోక్కుని, తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "పోనీలే. అట్లా అయినా మళ్ళీ కలిసినారు కదా."

"కలవలేదు," అంది శోభన. "నీళ్ళిచ్చింది. అంతే."

"నేను ఉంటే—"

"ఉన్నావా?"

అతను డ్రమ్ము తీసుకుని బయటికి వెళ్ళాడు. అది కడుగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

సాయంత్రం, దీపాలు పెట్టే ముందు, మాడని గారెలూ కొబ్బరి మిఠాయీ ఒక పళ్ళెంలో సర్ది, పైన గుడ్డ కప్పి, శోభన ఒక్కతే కాలువ దాటింది. రాజ్‌కుమారి గుమ్మంలోనే పళ్ళెం అందుకుంది. లోపలికి రమ్మనలేదు. గుడ్డ ఎత్తి చూసి మళ్ళీ కప్పింది.

"పెద్దపిల్లకి జడ వెయ్యడం వచ్చా నీకు?" అంది హఠాత్తుగా. "ఇందాక వాకిట్లో చూశాను. పాపిట వంకర."

శోభనకు కోపం రావాల్సింది. రోజంతా వచ్చిన కోపం ఇంకా గొంతులోనే ఉంది. కానీ అది పైకి రాలేదు.

"ముగ్గురు పిల్లలు దీదీ," అంది. "తొందరలో అట్లానే పోతుంది."

రాజ్‌కుమారి పళ్ళెం తర్వాత పంపిస్తానంది. తలుపు మూయలేదు కానీ, లోపలికి వెళ్ళిపోయింది. శోభన ఆ గుమ్మం ముందు ఒక క్షణం నిలబడి, చీకటి పడుతోందని గుర్తొచ్చి, వత్తులు వెలిగించడానికి తిరిగి వచ్చింది.