తోలు మార్చని నగారా

నేను ఒక నగారాను. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే ఈ మ్యూజియంలో నన్ను చూసేవాళ్ళలో సగంమంది నన్ను బిర్యానీ వండే డేగిసా అనుకుంటారు. మొన్న ఒకాయన, "దీంట్లో వండితే ఊరంతా తినొచ్చు" అన్నాడు. పక్కనున్న ఆయన భార్య, "కడిగేదెవరు?" అంది. నా ముందు పెట్టిన పలక మీద మాత్రం 'యుద్ధభేరి, కంచు' అని రాసి ఉంది. అదీ సగమే నిజం. యుద్ధాలకు వెళ్ళాను, కాదనను. కానీ నా చప్పుడుకు కూలిన కోటల్లో అన్నిటికన్నా పెద్దది శత్రువులది కాదు, మా సుల్తానుదే.

తోలు లేని నగారా వట్టి గంగాళం. నాకు తోలెందుకు లేదో చెప్తాను వినండి.

హైబత్ షా రాతిగిరి తఖ్తు ఎక్కిన ఏడాదే నేను పుట్టాను. అప్పటికి ఆయనకు మీసం సరిగ్గా రాలేదు. చేతికొచ్చిన రాజ్యం మాత్రం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో దివానులకే సరిగ్గా తెలియదు. తెలుగువాళ్ళు, కన్నడిగులు, మరాఠా గుర్రపు దళాలు, ఓడల మీద వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా హబ్షీలు, దర్బారు నిండా ఇరాన్ పెద్దమనుషులు. ఒకరి మాట ఒకరికి తెలియదు, తెలిసినా నచ్చదు. కుర్ర సుల్తాను ఒక ఆలోచన చేశాడు. "నా పేరు చాటే నగారాలో నా జనమంతా ఉండాలి" అన్నాడు. అంతే, నలుమూలల నుంచీ లోహం వచ్చిపడింది. ఇరానీల పన్నీటి బుడ్లు, హబ్షీ సిపాయిల కడియాలు, మరాఠా గుర్రాల మెడగంటలు, కన్నడ ఇల్లాళ్ళ సొట్టబిందెలు, ఒక తెలుగు గుడి పగిలిన గంట. ఇచ్చినవెన్నో, లాక్కొచ్చినవెన్నో నన్నడగకండి. మూసలో పడ్డాక రెండూ ఒకటే.

కంచరివాళ్ళు నన్ను పోత పోస్తే, కోట కింది మాదిగవాడ నుంచి తోలుపని పెద్ద వచ్చి నాకు తోలు కట్టాడు. ఒకే దున్నపోతు తోలు, ఎక్కడా అతుకు లేదు. సుల్తానుల వంశంలో ఒక ఆనవాయితీ ఉంది. నగారాకు తోలు మారేది సుల్తాను మారినప్పుడే. పట్టాభిషేకం నాడు కొత్త తోలు మీద మొదటి దెబ్బ సుల్తానే వేస్తాడు. ఆయన పోయిన నాడు సేనాపతి కత్తితో ఆ తోలు చీలుస్తాడు. జాము జాముకూ మోగే నగారా మూగపోయిందంటే తఖ్తు ఖాళీ అయిందని అర్థం. కోట తలుపులు మూసుకోవాలి, ఎవరి ప్రాణం వాళ్ళు చూసుకోవాలి.

పట్టాభిషేకం నాడు ఒక కవిగారు లేచి, "ఈ తోలు ఆయువే ఏలికవారి ఆయువు" అని పద్యం చదివి శాలువా కప్పించుకున్నాడు. పొగడ్తే కదా, గాలికి పోతుందనుకున్నాను. అది పోలేదు. నానిన విత్తనంలా కోటలోనే ఉండిపోయింది.

మొదట్లో మంచి కాలమే నడిచింది, అబద్ధం చెప్పకూడదు. పాలిచ్చిన దాది దగ్గర నేర్చిన తెలుగులో హైబత్ షా రైతులతో నేరుగా మాట్లాడేవాడు. నేనుండే నౌబత్‌ఖానా మెట్లెక్కి వచ్చి, కిటికీలోంచి ఊరిని చూస్తూ కూర్చునేవాడు. తర్వాత యుద్ధాలు వచ్చాయి. ఏనుగు మీద నన్నెక్కించుకుని ఆయన గెలిచిన ఊళ్ళు ఎన్నో. గెలిచినకొద్దీ ఆయన నిద్ర తగ్గింది. భోజనం ముందు వేరొకరు రుచి చూడటం మొదలైంది. ఒకరోజు ఆయన పెద్దకొడుకు, అంటే పెద్ద షాజాదా, అల్లాతో చెప్పుకోవడానికి రాసుకున్న ప్రార్థనలో తఖ్తు మాట ఉందని ఎవరో చెవిన వేశారు. ఆ షాజాదాను కొండకోటకు పంపారు. పంపడం అందరూ చూశారు, తిరిగి రావడం ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత సుల్తాను బయటికి రావడం మానేశాడు. "నగారా వింటే నన్ను చూసినట్టే" అని చాటింపు వేయించాడు. నా చప్పుడు వినగానే బజారులో ప్రతి చెయ్యీ నుదుటికి పోవాలి. పోని చేతికి కొరడా తప్పదు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అన్న సామెత నన్ను చూసి పుట్టిందనుకునేదాన్ని. కాదు, దెబ్బలు అందరికీ సరిపడా ఉన్నాయి. ఒక తరం పిల్లలు సుల్తాను ముఖం ఎలా ఉంటుందో తెలియకుండానే పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళకు తెలిసిన సుల్తాను నేనే.

నన్ను వాయించే నగార్చీ పేరు బుడన్ సాహెబ్. మెత్తని మనిషి. వాయించే ముందు నా అంచు మీద చెయ్యి వేసి సలాం చేసేవాడు. ఒకసారి జ్వరంతో కాస్త నెమ్మదిగా వాయిస్తే, "నా బలం తగ్గిందని చాటుతున్నాడా?" అని లోపలినుంచి కబురొచ్చింది. అప్పుడు తిన్న కొరడా దెబ్బల మచ్చలు ఆయన వీపు మీద అలాగే ఉండిపోయాయి. అందుకే ఒక ఏడాది వానాకాలం ముంగిట నా తోలు పల్చబడిన సంగతి అందరికన్నా ముందు ఆయనకే తెలిసినా, ఎవరికీ చెప్పలేదు. నడుమ కొట్టడం మానేసి అంచుల వెంటే వాయిస్తూ వచ్చాడు.

నాకు ఆముదం పట్టించడానికి ఏటా వచ్చే ఈరన్న ఆ ఏడూ వచ్చాడు. నాకు తోలు కట్టిన పెద్దాయన కొడుకు. సగం పట్టించి చెయ్యి ఆపాడు.

"సాయెబూ, ఈడ జూడు. నడుమల ఉల్లిపొర తీర్గ అయింది."

"నాకెరుకే. గట్టిగ అనకు."

"ఇగ ఆగదు ఇది. వానలు దాటదు."

"అనకంటిని గద!" బుడన్ సాహెబ్ మెట్లవైపు చూసి గొంతు తగ్గించాడు. "పోయి కొత్త తోలు గావాలె అంటే ఏమైతది? పాదుషా ఎప్పుడు సస్తడు అని నేనే అడిగినట్టు."

"అడగకుంటే?"

"అడగకుంటే నా చేతిలనే చినుగుతది. పాదుషాను నేనే సంపినట్టు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈరన్న నా అంచు మీద చాలాసేపు వేళ్ళు ఆడించాడు.

"నేనొక తోలు ఊరబెడ్త," అన్నాడు చివరికి. "ఇది చినిగిన పూటనే కొత్తది కట్టేద్దాం. జాముకు జాముకు నడుమ ఈ మెట్లెక్కి ఎవడొస్తడు?"

"నీకెందుకయ్యా ఈ ఆపద? నా తల సంగతి నేను జూసుకుంట."

"మా నాయిన కట్టిన తోలిది. దీనికోసం ఒకల తల పోతే ఆయన పేరు జెడ్తది."

బుడన్ సాహెబ్ వద్దని గట్టిగా అనలేదు. బతకాలని ఎవరికుండదు?

తోలును తంగేడు చెక్క నీళ్ళలో ఊరబెట్టి, గుండ్రంగా కోసి, మేకులు కొట్టి ఆరబెట్టాలి. ఊరబెట్టినన్నాళ్ళూ దాచొచ్చు, ఆరబెట్టింది దాచలేం. కొత్వాలు మనిషి ఒకడు ఆ వాడకట్టులోంచి పోతూ దాన్ని చూశాడు. అంత నోరున్న వాద్యం రాజ్యంలో నేనొక్కదాన్నే. ఇంకేముంది, కొత్వాలు సిపాయిలతో దిగాడు. అందరూ చూస్తుండగా ఆ కొత్త తోలును నిలువునా అడ్డంగా పీలికలు చేయించి కుక్కలకు వేయించాడు. "ఏలికవారి చావు కోసం సిద్ధం చేసిన తోలుకు ఇదీ గతి" అని చాటాడు. ఈరన్నను కట్టి తీసుకుపోయాడు.

"ఎవరు చేయించార్రా?" అదొక్కటే ప్రశ్న. వాళ్ళకు కావలసిన జవాబు, తఖ్తుకు మిగిలిన వారసుడు చిన్న షాజాదా పేరు. అది ఈరన్న దగ్గర లేదు. ఉన్న ఒక్క పేరూ ఆయన చెప్పలేదు. ఆ చెరసాల నౌబత్‌ఖానా కిందే ఉంది. కింద నుంచి అరుపులు వినిపిస్తుంటే బుడన్ సాహెబ్ పైన జాము జాముకూ నన్ను వాయించాడు. కళ్ళ నీళ్ళు నా తోలు మీద పడితే మెత్తబడుతుందని ముఖం పక్కకు తిప్పుకుని వాయించాడు. అంత దుఃఖంలోనూ ఆ భయం వదల్లేదు పాపం.

ఈరన్న నోరు విప్పడం లేదని తెలిసి సుల్తాను తానే బయలుదేరాడు. ఒక మధ్యాహ్నం పల్లకీ వచ్చి నౌబత్‌ఖానా ముందు ఆగింది. ఇద్దరు పట్టుకుంటే మెట్లెక్కి వచ్చాడు హైబత్ షా. ఎంత చిన్నగా అయిపోయాడో! తలపాగా ఒక్కటే పాత మనిషిలా ఉంది. వెనక వజీరు, హబ్షీ సేనాపతి, మరాఠా సర్దారు, ఆస్థాన జోస్యులు, కొత్వాలు. ఈరన్నను చేతులు కట్టి మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు.

"నేను సస్తనని నీకెవడు జెప్పిండురా?" అన్నాడు సుల్తాను. దాది నేర్పిన తెలుగు ఆ నోట ఇంకా బతికే ఉంది.

"ఎవ్వలు జెప్పలే దొరా. తోలు పల్చబడ్డది. అది జూసి చేసిన."

సుల్తాను నా మీద అరచెయ్యి వేశాడు. ఆ చెయ్యి నాకు తెలుసు. నన్ను మొదట మోగించిన చెయ్యి. ఆయన వేళ్ళ బరువుకే నా నడుమ లోపలికి దిగింది. ఆయనకు తెలిసింది. ఆ క్షణం ఆయన ముఖంలో చూసిన భయం నేను ఏ యుద్ధంలోనూ చూడలేదు. చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కొత్త తోలు లెక్కనే ఉంది," అన్నాడు.

వజీరు వచ్చి నన్ను తాకి, ఫార్సీలో భేష్ అన్నాడు. హబ్షీ సేనాపతి తన భాషలో ఇనుమంత గట్టిగా ఉందన్నాడు. మరాఠా సర్దారు మరాఠీలో తలూపాడు. జోస్యులవారు వేలికొనతో తాకి, తాకిన వేలు అంగవస్త్రానికి తుడుచుకుని, సంస్కృతంలో శతాయుష్షు చెప్పాడు. ఇన్ని జాతుల జనాన్నీ ఒక్క మాట మీదికి తేవాలని కుర్రతనంలో హైబత్ షా కలగన్నాడు. ఆ కల ఆ మధ్యాహ్నం నెరవేరింది.

"ఉన్న తోలు బాగుండగా కొత్తది చేశాడంటే కుట్రే హుజూర్," అన్నాడు కొత్వాలు. "నగార్చీ కూడా ఒక్క మాట చెప్తే వీణ్ణి ఏనుగు కిందికి పంపుతాను."

అందరూ బుడన్ సాహెబ్ వైపు తిరిగారు. బాగుందంటే ఈరన్న చస్తాడు. బాగాలేదంటే ఇంతమంది పెద్దల్నీ, సుల్తానునూ అబద్ధాలకోరులన్నట్టే. ఈరన్న తల ఎత్తి ఆయన్ని చూశాడు. బాగుందని చెప్పెయ్యమన్నట్టు కళ్ళతోనే సైగ చేశాడు. అప్పుడే మూడో జాము అయింది.

బుడన్ సాహెబ్ నా అంచు మీద చెయ్యి వేసి సలాం చేశాడు. కర్రలు అందుకున్నాడు.

"నా నోటికంటె దీని నోరే నమ్ముతరు హుజూర్. బాగుంటే మోగుతది. లేకుంటే దాని ఇష్టం."

ఇన్నాళ్ళూ అంచుల వెంటే తిరిగిన ఆ చేతులు రెండూ ఒక్కసారిగా పైకి లేచి నా నడుమ దిగాయి. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ మోగలేదు. ఆ మోతతోనే ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చినిగిపోయాను.

పైన ఎవరూ కదల్లేదు. కింద బజారులో జనం రెండో దెబ్బ కోసం చేతులు నుదుటి దగ్గరే పెట్టుకుని ఆగారు. అది రాలేదు. ముందు ఒక అంగడి తలుపు మూసుకున్న చప్పుడు. తర్వాత వీధి వీధంతా. తర్వాత కోట తలుపులు. అరబ్బు దళం ఖజానా వైపు పరిగెత్తింది. మరాఠా గుర్రాలు చిన్న షాజాదా విడిది వైపు తిరిగాయి. నగారా మూగపోతే ఏం చేయాలో ప్రతివాడికీ చిన్నప్పటి నుంచీ నేర్పించి ఉంచారు కదా, ఎవరూ ఒక్క తప్పు చెయ్యలేదు.

"కట్టు!" సుల్తాను ఈరన్న భుజం పట్టుకుని ఊపాడు. "ఆ కొత్త తోలు కట్టు! ఏదది?"

ఈరన్న కొత్వాలు వైపు చూశాడు. కొత్వాలు తల దించుకున్నాడు.

ఒక్కొక్కరే మెట్లు దిగడం మొదలుపెట్టారు. అందరికన్నా ముందు దిగింది జోస్యులవారు. కొత్త పట్టాభిషేకానికి ముహూర్తం చూడాలి మరి. చివరికి ముగ్గురే మిగిలారు. నా తోలు వార్లు కోసే కత్తితో బుడన్ సాహెబ్ ఈరన్న కట్లు కోశాడు. సుల్తాను ఆపలేదు.

"మీరన్న జెప్పుండ్రి," అన్నాడు మెల్లగా. "నేను బతికే ఉన్ననని."

"జెప్తం దొరా," అన్నాడు ఈరన్న. అన్ని దెబ్బలు తిన్న ఈరన్నకూ ఆ మనిషి మీద జాలి కలిగింది.

ఇద్దరూ వీధిలోకి దిగి అరవడం కిటికీలోంచి విన్నాను. "పాదుషా బతికే ఉన్నడు! పాదుషా బతికే ఉన్నడు!" నన్ను వాయించి ఇన్నేళ్ళు ఊరికి ఆ సంగతి చాటిన మనిషే చెప్తున్నా ఎవరూ తలుపు తియ్యలేదు. ఆ గొంతులు అలా దూరమైపోయాయి. వాళ్ళు బతికారనే అనుకుంటాను. అనుకోవడం నాకు ఇష్టం.

హైబత్ షా కిటికీలోంచి తల బయటపెట్టి పిలిచాడు. కింద పోతున్న సిపాయి ఒకడు తలెత్తి చూసి, ఎవరో ముసలాయన అనుకుని తన దారిన పోయాడు. అప్పుడాయన నా దగ్గరికి వచ్చాడు. చినిగిన తోలు పక్కకు తోసి, తల నాలోపల పెట్టి, ఉన్న బలమంతా కూడదీసుకుని తన పేరు చెప్పి, బతికే ఉన్నానని అరిచాడు. నా ద్వారా చెప్తే ఊరు వింటుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఊరికి నేర్పింది ఆయనే.

పొద్దు వాలకముందే చిన్న షాజాదా మనుషులు మెట్లెక్కి వచ్చారు. సుల్తాను పోయాడని లోకమంతా నమ్మాక, ఖననం ఆలస్యం చేయకూడదు. మిగిలిన పని వాళ్ళు పూర్తిచేశారు.

కొత్త సుల్తాను కొత్త నగారా పోత పోయించుకున్నాడు. నన్ను సున్నం నానబెట్టడానికి వాడారు, తర్వాత ఒక మూలకు దొర్లించారు, ఎప్పటికో ఇక్కడికి తెచ్చారు. ఇక్కడ సుఖంగానే ఉంది. పిల్లలు తాడు దాటి వచ్చి నాలోకి వంగి తమ పేర్లు అరుస్తుంటారు. కావలివాడు కసురుతాడు. నేను మాత్రం విన్న పేరు విన్నట్టు తిరిగి చెప్పేస్తాను, నాకది అలవాటు. ఆ రోజు ఆయన అరిచినదీ అలాగే తిరిగి చెప్పాను. ఆయనొక్కడే విన్నాడు.